మైకేల్ ఫారడేగారు

మైకేల్ ఫారడేగారు 1791లో ఇంగ్లండు దేశమందు ఒక కమ్మరి యింట జన్మించిరి. బీదతనమువలన బడిచదువు త్వరలోనే ముగియగా, పుస్తకములకు అట్టలు కట్టుచు, వానినే చదివి జ్ఞానము గడించిరి. 1813లో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో డేవీ పండితునికి సహాయకులైరి. 1831లో అయస్కాంతముచే విద్యుత్తును పుట్టించిన సంగతి మన విద్యార్థు లెఱుగుదురు. బంగారముతో ఆయన చేసిన పని నెఱిగినవారు తక్కువ.

బంగారు లవణము కరగిన నీటిలో భాస్వరమును చేర్చగా, ఆ నీరు కెంపువలె ఎఱ్ఱనయ్యెను. సూక్ష్మదర్శినికైనను అందు రేణువు లగపడలేదు. అయినను కాంతిని ప్రసరింపజేయగా ఆ దారి మెఱసెను. అందున్నవి అతిసూక్ష్మమైన స్వర్ణరేణువులే యని 1857లో ఆయన ప్రకటించిరి.

భక్తిగల క్రైస్తవులగుటచే రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని సైతము వలదని, 1867లో ప్రభువునందు నిద్రించిరి. నేడు కోవిడు పరీక్షపట్టీలు పెక్కింటిపై అగపడు ఎఱ్ఱగీత, వ్యాధిక్రిమియొక్క మాంసకృత్తును పట్టుకొనిన అట్టి స్వర్ణరేణువుల గుంపే. ఈ ఫలమును ఆయన చూడలేదు. కంటికి కానరానిదానిని ఓర్పుతో శోధించు గుణము మన బాలబాలికలకును అలవడవలెనని మేము కోరుచున్నాము.