భద్రాచల రామదాసు

మన ముదిగొండకు పొరుగున నేలకొండపల్లి యను గ్రామము కలదు. ప్రాచీనమైన బౌద్ధస్తూపమును, విరాటరాజు కొలువును గూర్చిన కథయు నా యూరికి కొంత పేరు తెచ్చినవి. కాని తెలుగువా రెల్లరు నా పేరు నెఱుఁగుటకు ఒక గాయకుఁడు కారణము. పదునేడవ శతాబ్దమున నచ్చట జన్మించిన కంచెర్ల గోపన్నయే భద్రాచల రామదాసు. ఆయన పాటలలో నొక్క పల్లవియైనను రాని బాలురు మన ప్రాంతమున నరుదు. ఆయన చరిత్ర మెఱిఁగినవా రంతకంటె నరుదు. కావున దానిని సంగ్రహముగా వ్రాయఁబూనితిమి.

గోపన్న తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ. వారిది నియోగి కుటుంబము. ఆ కాలమున మన దేశము గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానుల యేలుబడిలో నుండెను. ఆ వంశమునఁ గడపటివాఁడగు అబుల్ హసన్ తానీషా 1672లో సింహాసన మెక్కెను. అక్కన్న మాదన్న లను తెలుఁగు సోదరు లాతని కొలువున గొప్ప యధికారము వహించిరి. గోపన్న వారికి మేనల్లుఁడని ప్రతీతి. ఆ బంధుత్వమువలన నాతనికి పాల్వంచ పరగణా తహశీలుదారు పదవి లభించెను. గ్రామముల శిస్తు వసూలు చేసి గోలకొండ ఖజానాకుఁ బంపుట యాతని యుద్యోగము.

ఆతని యధికారము క్రింది ప్రాంతముననే, గోదావరి యొడ్డున, భద్రాచలము కలదు. పోకల దమ్మక్క యను అడవిపల్లె స్త్రీ యచ్చట రామవిగ్రహములను గనుఁగొని, తాటియాకుల పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యముగాఁ బెట్టి కొలుచుచుండెనని స్థలపురాణము చెప్పును. ఆ పందిరి స్థానమున రాతిగుడి కట్టింపవలెనని గోపన్న సంకల్పించెను. జనులు చందా లిచ్చిరి, అవి చాలలేదు. అప్పుడు తహశీలుదారు తన చేతిలోనున్న సర్కారు శిస్తును దీసి యాలయమునకును, దేవుని నగలకును వ్యయపఱచెను. సుల్తాను సెలవు లేకయే యిది జరిగెను. ఆ సొమ్ము ఆఱు లక్షల వరహాలని చెప్పుదురు. లెక్క యడుగఁగా చెల్లింపలేక గోపన్న గోలకొండ కోటలో చెఱపడెను. ఆయన నుంచిన గదియని నేఁటికిని కోటలో నొక చీఁకటి కొట్టును జూపుదురు. దాని గోడమీఁద రామలక్ష్మణుల, హనుమంతుని రూపములు చెక్కఁబడియున్నవి.

ఈ ఘట్టమున మనము పక్షపాతము లేక యాలోచింపవలెను. శిస్తనఁగా రైతు చెమట. దానిని, ఎంత పుణ్యకార్యమునకైనను, అనుమతి లేక వ్యయించుట యుద్యోగికి తగదు. లెక్క యడుగుట ప్రభువు ధర్మము. తానీషా కొట్టించిన దెబ్బలు క్రూరములే; అయినను ఆతఁడు నిష్కారణముగా నొక భక్తుని హింసించెననుట న్యాయముకాదు. గోపన్న గొప్పతన మాయన చేసిన వ్యయమునందు లేదు. ఆ వ్యయమునకు ఫల మనుభవించుచు నాయన పాడిన పాటలందున్నది.

ఆ పాట లెట్టివి? లెక్కలు వ్రాసిన చేయి యక్కడను లెక్కయే వ్రాసినది. సీతమ్మకుఁ జేయించిన పతక మేది, భరతునికిఁ జేయించిన దేది, దేనికెంత పట్టినదని దేవుని యెదుటనే పద్దు విప్పి, ఆ నగలు ధరించి తిరుగుచు నన్ను మఱచితివా యని నిలదీసెను. మఱుక్షణమున, దెబ్బల కోర్వలేక తిట్టితినిగాని నొచ్చుకొనకు మని వేఁడుకొనెను. వేఱొక పాటలో నేరుగా నడుగ మొగము చెల్లక, నా మాట నీ భర్తతోఁ జెప్పుమని సీతమ్మను బతిమాలెను. ఇంటి పెద్దతో మాటలాడినట్లు దేవునితో మాటలాడిన యీ చనవే యాయన సొత్తు. మన పాఠశాలలో దావీదు కీర్తనలు చదువువారి కీ స్వరము క్రొత్తదికాదు. గ్రీకుదేశపు ఫిలిప్పీ పట్టణపుఁ జెఱలో దెబ్బలు తిని, కాళ్లు బొండలో నుండఁగా, పౌలును సీలయు నర్ధరాత్రమునఁ బాడిరని యపొస్తలుల కార్యములలోఁ జదువుదుము. దెబ్బలు తిన్నవాని నోటఁ బుట్టిన పాట ఏ దేశమునను త్వరగాఁ జావదు.

ఆయన కీర్తనలలో సంగీతపాండిత్య ప్రదర్శనము లేదు. పల్లవి చిన్నది, చరణములు పెక్కులైనను ఒకే వరుసలో నడచును. ఆనందభైరవి, నాదనామక్రియ మొదలగు రాగములలో నవి నేఁడు వినవచ్చుచున్నవి. ఒకఁడు పాడఁగా పదిమంది తాళము వేయుచు నందుకొనుటకు వీలైనవి. కావుననే భజనగుడిలోను, పొలము గట్టునను, భిక్షకుని తంబురమీఁదను నవి నిలిచినవి. ఆయన దాశరథీశతకము వీధిబడులలో బాలురు కంఠస్థము చేసిన గ్రంథము.

పండ్రెండేండ్ల చెఱ పిమ్మట రామలక్ష్మణులే సేవకుల వేషమున వచ్చి తానీషాకు సొమ్ము చెల్లించిరనియు, సుల్తాను గోపన్నను విడిపించి యాలయమునకు భూము లిచ్చెననియు భక్తులు చెప్పుదురు. ఇది విశ్వాసమునకు సంబంధించినది. కబీరు గోపన్నకు మంత్రోపదేశము చేసెననుట మాత్రము కాలమునకు సరిపడదు. కబీరు పదునేనవ శతాబ్దమువాఁడు. చరిత్ర చెప్పు ముగింపు వేఱొకటి యున్నది. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో ఔరంగజేబు గోలకొండను బట్టుకొని తానీషాను దౌలతాబాదు కోటలో బంధించెను. ఆ చెఱలోనే యాతఁడు మరణించెను. చెఱపెట్టినవాఁడును చెఱవాసియయ్యెను, ఖజానా యన్యుల పాలయ్యెను, లెక్కకు దొరకని పాట మాత్రము మిగిలెను.

ఆ పాట దూర మేఁగెను. కావేరీతీరమున త్యాగరాజు తన కీర్తనలో రామదాసు చెఱ వీడిన వృత్తాంతమును దలఁచెను. ఇరువదవ శతాబ్దమున మంగళంపల్లి బాలమురళీకృష్ణ యీ కీర్తనలను రేడియోలోఁ బాడి యింటింటికిఁ జేర్చెను. చిత్తూరు నాగయ్య 1964లో ‘రామదాసు’ చిత్రమును నిర్మించి తానే రామదాసుగా నటించెను. 2017లో ప్రారంభమైన పాలేరు ఎత్తిపోతల పథకమునకు భక్త రామదాసు పేరు పెట్టిరి. ప్రజల శిస్తును గుడికి వెచ్చించి చెఱపడిన యుద్యోగి పేరు ప్రజల పొలములకు నీరిచ్చు కట్టడమునకు వచ్చుట యెంతయు నుచితము.

మన బాలురు సెలవులలో నేలకొండపల్లికి పోయి యా మహాగాయకుని జన్మస్థలమును జూతురుగాక. అంతకంటె ముఖ్యముగా, తమ యిండ్ల వృద్ధులయొద్దఁ గూర్చుండి, వారెఱిఁగిన వరుసలలో నా కీర్తనలను నేర్చుకొందురుగాక. గుడి రాతిమీఁద నిలిచినది. పాటకు మన గొంతుక తప్ప వేఱు నిలువ లేదు.