రైతునకు పరపతి కల్పించిన రైఫైజెన్

ఈ వార్షిక మహాసభ సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్రమును వ్రాసి పంపవలసినదిగా కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. మనవారిలో పెక్కుమంది కృషిని నమ్ముకొని జీవించువారగుటచే, కృషీవలునకు మేలు చేసినవాని చరిత్రమే ఇచట తగియుండునని తలచితిమి. మేమెన్నుకొన్నవాడు మన దేశస్థుడు కాడు. మన దేశమును కన్నులార చూచినవాడును కాడు. జర్మను దేశమున పుట్టి, అచ్చటనే కాలము చేసినవాడు. అయినను మన పల్లెలలో వ్యవసాయ సహకార పరపతి సంఘమని పలక గట్టిన ప్రతి యింటికిని మూలపురుషుడాయనయే. ఆయన పేరు ఫ్రీడ్రిఖ్ విల్‌హెల్మ్ రైఫైజెన్.

పరపతి యను మాటకు మన వ్యవహారమున రెండర్థములు గలవు. నలుగురిలో ఒకని మాటకు గల చెల్లుబడి యొకటి. అవసరమునకు అప్పు పుట్టుట మరియొకటి. చిన్నకమతపు రైతు విషయమున ఈ రెండును విడిపోయినవి. వాని నిజాయితీ ఊరివారందరికిని తెలియును గాని పట్టణములోని ధనాగారమునకు తెలియదు. ఊరివారికి వానిపై నమ్మకము కలదు గాని వారియొద్ద ధనము లేదు. ఈ చిక్కును విప్పుటకే రైఫైజెన్ తన జీవితమంతయు వెచ్చించెను.

రైన్ నదికి తూర్పున వెస్టర్‌వాల్డ్ అను కొండసీమ కలదు. అచటి నేల సారము తక్కువ, చలి యెక్కువ. అన్నదమ్ములు పంచుకొనగా పంచుకొనగా కమతములు చిన్నవై, ఒక యావు, కొలదిపాటి పొలము గలవాడే రైతు అనిపించుకొనుచుండెను. ఆ సీమయందు జీగ్ నదీతీరమున హామ్ అను గ్రామమున 1818వ సంవత్సరము మార్చి 30వ తేదీన రైఫైజెన్ జన్మించెను. తొమ్మండుగురు సంతానములో ఏడవవాడు. తండ్రి కొంతకాలము గ్రామాధికారిగా నుండియు త్వరలోనే కుటుంబభారము వహింపలేని స్థితికి వచ్చెను. బాలునకు బడిచదువు 14వ ఏటనే ముగిసెను. తరువాత మూడేండ్లు ఆ యూరి మతాచార్యుడు దయతో చదువు చెప్పెను. పైచదువునకు ద్రవ్యము లేక 17వ ఏట సైన్యమున చేరెను. అచట ఫిరంగిదళమున వృద్ధిలోనికి వచ్చుచుండగా నేత్రవ్యాధి సంప్రాప్తమై 1843లో ఆ యుద్యోగము వదలుకొనవలసి వచ్చెను. పిమ్మట పౌరపాలనలో ప్రవేశించి, 1845లో వైయర్‌బుష్ అను గ్రామసముదాయమునకు అధికారిగా నియమింపబడెను. ఆ యేడే ఎమిలీ స్టోర్క్ అను కన్యను వివాహమాడెను.

మరుసటి యేడు క్షామము వచ్చినది. ఉర్లగడ్డలకు తెగులు, ధాన్యమునకు పంటనష్టము. 1846–47 చలికాలమున రొట్టె దొరకుట దుర్లభమయ్యెను. పైయధికారులు ధాన్యమును పంపిరి గాని రొక్కము పుచ్చుకొనియే యమ్మవలెనని కట్టడి చేసిరి. రొక్కమున్నచో ఆకలి యెందుకుండును? రైఫైజెన్ తన బాధ్యతపై ఆ ధాన్యమును పేదలకు అరువుగా నిచ్చెను. పిమ్మట కలవారిని పిలిపించి, వారిచేత నిధి కూర్పించి, రొట్టెల సంఘము నేర్పరచెను. ఊరిలో ఉమ్మడి పొయ్యి కట్టించి రొట్టె కాల్పించి, బజారు ధరలో సగమునకు, తరువాత చెల్లించు ఒప్పందముపై ఇప్పించెను. రాబోవు పైరునకు విత్తనపు దుంపలును కొనిపించెను. ఉద్యోగియైనవాడు పై యుత్తరువును పక్కకు పెట్టుట ఎంత సాహసమో, ఉద్యోగము చేసిన మాబోటివారికి బాగుగ తెలియును.

1848లో ఆయనను ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు మార్చిరి. క్షామము పోయినను ఋణము పోలేదు. అచట పశువుల వర్తకులు రైతునకు ఆవును అరువునకిచ్చి, దానికి రెట్టింపు ధర కట్టి, వాయిదా తప్పినంతనే ఆవును, తుదకు పొలమును గూడ లాగుకొనుచుండిరి. మనవైపు ధాన్యమును నాగునకు తెచ్చుకొని, కల్లములోనే కొలిచి యిచ్చి, రిక్తహస్తములతో ఇల్లు చేరిన రైతులను ఎరిగినవారికి ఈ విధము వివరింపనక్కరలేదు. శాస్త్రములు మనుష్యునకు దేవ ఋషి పితృ ఋణములని మూడు చెప్పినవి. నాలుగవది షాహుకారు ఋణము, దానికి మాత్రము ఏ యజ్ఞముచేతను విమోచనము కనబడదు.

1849లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో సుమారు 60 మంది కలవారు ఒక సహాయసంఘముగా చేరిరి. వారు చందాలిచ్చి చేతులు దులుపుకొనలేదు. సంఘము చేసిన అప్పునకు తమ సర్వస్వమును పూచీ పెట్టిరి. ఆ పూచీని చూచి ధనికులు తక్కువ వడ్డీకి ద్రవ్యమిచ్చిరి. ఆ ద్రవ్యముతో సంఘమే పశువులను కొని, రైతులకిచ్చి, ఐదేండ్లలో వాయిదాలపై తీర్చుకొనుచు వచ్చెను. తరువాత పశువులకు బదులు రొక్కమునే ఇయ్యసాగెను. పాఠకులు గమనింపవలసినది, కలవారు ఇచ్చినది ముఖ్యముగా ధనము గాదు, తమ పరపతి.

1852లో ఆయన రైన్ తీరమునగల హెడెస్‌డార్ఫ్‌కు బదిలీయై, 1854లో అచట ధర్మసంఘమును స్థాపించెను. అనాథబాలుర పోషణము, చెరనుండి విడుదలైనవారికి పని కల్పించుట మున్నగు పెక్కు సత్కార్యములు దాని నియమములలో నుండెను. క్రమముగా అవన్నియు సడలి, ఋణదాన మొక్కటే మిగిలెను. కలవారికిని విసుగు పుట్టెను. అప్పు తీసికొనువాడొకడు, పూచీ పడువాడు వేరొకడు అయినప్పుడు మొదటివానికి బాధ్యత లేదు, రెండవవానికి లాభము లేదు. ధర్మబుద్ధి పదియేండ్లకు మించి నిలువదని రైఫైజెన్ అనుభవమున తెలిసికొనెను. తెలిసికొని నిరాశపడలేదు, సంఘపు పునాదినే మార్చెను. 1864లో హెడెస్‌డార్ఫ్ ఋణసంఘము వెలసెను. అప్పు కావలసినవాడే సభ్యుడు కావలెను. సభ్యులందరును ఒకరి యప్పునకు ఒకరు అపరిమితమైన పూచీ వహింపవలెను.

ఇది నడచు విధమును కొంచెము విస్తరించి చెప్పెదము. సంఘపు హద్దు ఒక చిన్న ప్రదేశము; ఒకరినొకరు ఎరుగనివారు అందులో నుండరు. ఎవడు కష్టజీవి, ఎవడు త్రాగుబోతు, ఎవని ఆవు ఈనినది అను వృత్తాంతము పొరుగువానికి కానిఖర్చుగా తెలియును; అదే పట్టణపు ధనాగారము విచారించి తెలిసికొనబోయిన, ఆ విచారణకే చిన్నయప్పు మించిన వ్యయమగును. అప్పు ఏ పనికని చెప్పి తీసికొనిరో ఆ పనికే వినియోగింపవలెను. తప్పినచో నష్టము పొరుగువానిది గాన పొరుగువాడే కనిపెట్టియుండును. వాటాధనము లేకుండుట, ఉన్నను స్వల్పమగుట చేత లాభము పంచుకొను ఆశ యుండదు. మిగిలినది విభజింపరాని నిధిగా చేరి, సంఘము మూతపడినను ఎవ్వరికిని పంచరాదు. లెక్కలు వ్రాయువానికి దక్క తక్కిన నిర్వాహకులకు జీతము లేదు. ఊరివారి చిన్న పొదుపులను సంఘమే పుచ్చుకొనును. ఆ హద్దు గ్రామమే గాని మతశాఖ గాదు. కాథలిక్కులును ప్రొటెస్టంటులును చేరవచ్చును. కులసభలో ఈ మాట ఎత్తుట కొందరికి రుచింపకపోవచ్చును గాని, చరిత్రమున ఉన్నది ఉన్నట్లు చెప్పుట మా విధి.

1863లో ఆయన భార్య మరణించెను. తానును విషజ్వరము పాలై బలహీనుడయ్యెను. చూపు మిక్కిలి క్షీణింపగా 1865లో స్వల్పమైన పింఛనుతో ఉద్యోగము మాన్పింపబడెను. సంసారపోషణకై చుట్టల కార్ఖానా పెట్టెను, పిదప ద్రాక్షాసవ వ్యాపారము చేసెను. ఈ యిక్కట్టులలోనే, 1866లో, ఋణసంఘములను గూర్చి తన గ్రంథమును ప్రకటించెను. పెద్దకుమార్తె అమాలీ ఆయనకు కన్నులై చదివిపెట్టి, చేయియై వ్రాసిపెట్టెను. తన పని సాగదని ఆమె వివాహమునకు తండ్రి అడ్డుపడెను. ఈ విషయమున ఆయనను మేము సమర్థింపజాలము. ఐరోపా యంతయు వ్యాపించిన ఆ ఉద్యమమున ఆమె పాలెంతయో చెప్పువారును అరుదు.

ఆ కాలముననే షూల్ట్జె డెలిచ్ అను వేరొక ప్రముఖుడు పట్టణములలోని చేతిపనివారికి ఋణసంఘములను నెలకొల్పియుండెను. ఆయన పద్ధతిలో సభ్యుడు వాటా కట్టవలెను, లాభము పంచుకొనవలెను, అప్పును కొలదినెలలలో తీర్చవలెను. అంగడివానికి ఇది సరిపోవును. వాని సరకు మూడునెలలలో అమ్ముడుపోవును. రైతు నేడు కొన్న దూడ ఆవై పాలిచ్చుటకు ఏండ్లు పట్టును. పొలమున వేసిన ఎరువు ఒక్క పంటతో తీరదు. రాబడి కాలమునుబట్టి వాయిదా యుండవలెనని రైఫైజెన్ వాదము. కొద్దికాలమునకు తెచ్చిన పొదుపుధనమును దీర్ఘకాలమునకు అప్పిచ్చిన, డబ్బు దాచుకొన్నవాడు ఒక్కసారి అడిగినచో సంఘమేమగునని షూల్ట్జె ప్రశ్న. అదియు తోసివేయదగినది కాదు. దానికే ప్రత్యుత్తరముగా రైఫైజెన్ 1872లో నాయ్‌వీడ్ పట్టణమున, డబ్బు మిగిలిన సంఘమునుండి చాలని సంఘమునకు చేర్చు కేంద్రధనాగారమును స్థాపించెను. అది శాసనవిరుద్ధమని షూల్ట్జె పక్షమువారు పట్టుపట్టగా, దానిని మూసి, 1876లో వేరొక రూపమున తిరిగి నిలబెట్టెను.

ఆయన చరిత్రమున ఒక మచ్చయు కలదు. వడ్డీవ్యాపారపు దౌష్ట్యమును ఖండించుచు కొన్ని వ్రాతలలో యూదులను జాతిగా నిందించెను. ఆ నింద అన్యాయము. వడ్డీ పీడనము చేయువారు ప్రతి జాతియందును, మన జాతియందును ఉన్నారు.

1888 మార్చి 11వ తేదీన, 70 ఏండ్లు నిండుటకు కొలదిదినముల ముందు, ఆయన హెడెస్‌డార్ఫ్‌లో దేహము చాలించెను. అప్పటికే ఆయన సమాఖ్యలో నాలుగు వందలకు పైగా సంఘములు చేరియుండెను. అవి ఆస్ట్రియా, హాలండు మున్నగు దేశములకు ప్రాకినవి.

మన చెన్నపురి రాజధానికి ఆయన పేరు తెచ్చినవాడు ఫ్రెడరిక్ నికల్సన్ అను సివిలు ఉద్యోగి. 1892లో మద్రాసు ప్రభుత్వమువారి నియోగమున ఐరోపాలోని వ్యవసాయ ధనాగారములను పరిశీలించి, 1895లోను 1897లోను రెండు పెద్ద సంపుటముల నివేదికను సమర్పించెను. ఆ విపులగ్రంథమంతయు తుదకు రైఫైజెన్ అను ఒక్క పేరువద్దకే వచ్చి ఆగినది. చట్టము చేసిన చాలదు, అట్టి మనుష్యుని వెదకి పట్టుకొనవలెనని ఆయన భావము. 1904లో సహకార ఋణసంఘముల చట్టము పుట్టినది. గ్రామసంఘములకు అపరిమిత బాధ్యతను, సభ్యులలో అయిదింట నాలుగు పాళ్లు వ్యవసాయదారులుగా నుండుటను అది విధించెను. ఆ యేడే చెంగల్పట్టు జిల్లా తిరూరులో ఈ రాజధానిలోని మొదటి గ్రామసంఘము ఏర్పడెను.

చట్టము వచ్చినది, మనుష్యుడు మాత్రము రాలేదు. జర్మనీలో సంఘములు ఊరినుండి పైకి పెరిగినవి. ఇచట రిజిస్ట్రారు కచేరీనుండి ఊరిలోనికి దిగినవి. ఊరివారి పొదుపు స్వల్పము, పైనుండి వచ్చు ధనమే అధికము. పరులసొమ్మని తోచినప్పుడు పొరుగువాడు కనిపెట్టియుండుట మానును. 1929 తరువాత ధరలు పడిపోగా బాకీలు పేరుకొని పెక్కు సంఘములు మూతపడెను. 1951–52లో అఖిలభారత గ్రామీణ ఋణపరిశీలన సంఘమువారు లెక్కచూడగా, రైతులు చేసిన ప్రతి 100 రూపాయల అప్పులో సహకార సంఘములు ఇచ్చినది 3 రూపాయలకు కొంచెము పైన. వడ్డీవ్యాపారులు ఇచ్చినది సుమారు 70. పిమ్మట ప్రభుత్వమే సంఘములలో వాటాదారైనది. 2008లో కేంద్రప్రభుత్వమును, 2014 తరువాత రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును రైతుఋణములను మాఫీ చేసినవి. మునుగుచున్నవానికి అది ఊతమే, కాదనము. అయినను పట్టా గలవాని పేరనే ఋణము, ఋణము గలవానికే మాఫీ.

పొదుపుసంఘముల స్త్రీలు ఒకరికొకరు పూచీపడి అప్పు తెచ్చుకొనుట రైఫైజెన్ మార్గమునకు సమీపమైనది. ఆ పూచీనే లాభార్జనకు వాడుకొన్న సూక్ష్మఋణ కంపెనీల ఒత్తిడి ఎంతదూరము పోయినదో 2010లో ఆంధ్రప్రదేశమున చూచితిమి. అక్టోబరు నెలలో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. సంఘము సభ్యులది కానప్పుడు పరస్పరపు పూచీ మెడకు ఉరియగును.

మా మనస్సును ముఖ్యముగా బాధించునది కౌలుదారుల దుస్థితి. మన జిల్లాలలో దున్నువాడొకడు, పట్టాదారొకడు. ధనాగారము పట్టాను అడుగును. కౌలుదారునకు పట్టా లేదు గనుక వాడు నేటికిని నోటు వ్రాసి, పురుగుమందుల దుకాణమునను వడ్డీవ్యాపారియొద్దను అప్పు చేయవలసివచ్చును. 2011లో అట్టివారికి ఋణార్హత కార్డుల నియ్యుటకు ఉమ్మడి రాష్ట్రమున చట్టము చేసిరి. 2019లో ఆంధ్రప్రదేశమున దాని స్థానమున వచ్చిన చట్టము 11 నెలల ఒప్పందముపై పట్టాదారు చేవ్రాలు కోరెను. భూమిపై హక్కు పోవునేమో యని జంకి, సంతకము పెట్టనివారు పెక్కుమంది. ఆ చట్టమున కౌలుదారునకు దక్కునది పంటపై హక్కే గాని భూమిపై హక్కు గాదు. ఈ సంచికను పోషించుచున్న దాతలలో ఎందరో తమ పొలములను కౌలునకిచ్చి పట్టణములలో నివసించుచున్నారు. వారు విద్యార్థివసతులకును సత్రములకును ఉదారముగా నిచ్చుచున్నారు, సంతోషము. ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో ఆ 60 మంది తమ యాస్తి సమస్తమును పూచీ పెట్టిరి. ఇచట అడుగుచున్నది ఒక్క చేవ్రాలు. కౌలు ఒప్పంద పత్రములను మహాసభ మంటపముననే దాతల ముందుంచి, సమ్మతించినవారిచే సంతకములు చేయించు ఏర్పాటును కార్యనిర్వాహకులు ఈ సంవత్సరమే ఆలోచింపవలసినదిగా విన్నవించుచున్నాము.