పావులూరి మల్లన

తెలుగున గణితమును పద్యములలో నిబంధించిన తొలికవి పావులూరి మల్లన. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుని వలన పీఠికాపురము చెంత నవఖండవాడ యగ్రహారమును బడసిన వంశ మాతనిది. రాష్ట్రకూటరాజగు నమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, జైనుడగు మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మల్లన తెనిగించెను. తాను శైవుడగుటచే జైనమత ప్రసంగములను మార్చెను గాని లెక్కలను జెడనీయలేదు. సంస్కృతము రాని కరణములకు గణితశాస్త్ర మిట్లు సొంతభాషలో లభించెను.

ఆతని పేర బ్రసిద్ధమైన పద్య మొకటి చదరంగపు లెక్కను దెలుపును. మొదటి గడిలో 1 గింజ, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లు 64 గడులకును రెట్టించినచో మొత్తమెంత? మన యాలూరి పిల్లలు జొన్నగింజలనే తలంచుకొనవచ్చును. మూడు గడుల మొత్తము 7. నాలుగవ గడిలోని 8 కంటె నొకటి తక్కువ. ఎన్ని గడులకైనను ఇదియే తీరు. 64 గడులకు వచ్చునది 18446744073709551615.

ఈ యిరువది యంకెలలో నొక్కటి లేఖకుని చేత జారినను లెక్క నాశమగును. పద్యములో అంకెలు లేవు. బాణములనగా 5, చంద్రుడనగా 1, వేదములనగా 4 అను సంకేతములతో ఒకట్ల స్థానమునుండి యెడమకు సంఖ్య కూర్పబడినది. మాట తప్పినచో ఛందస్సు చెడి పొరపాటు బయటపడును. తాటాకుల నాటి యీ కాపుదల నాకు లెక్కకంటెను ముచ్చట గొల్పినది.

ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ప్రధానసంఖ్యల లబ్ధము. 641ని 6700417తో గుణింపగా 4294967297 వచ్చును. ఫ్రాన్సుదేశపు ఫెర్మా దీనిని ప్రధానసంఖ్యయే యని తలచెను. 1732లో ఆయిలరు 641తో దానిని భాగించి చూపెను.