గోదావరి గట్టే గురుకులం.. దామెర్ల రామారావు చిత్రయాత్ర

రాజమహేంద్రవరం: ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండని జీవితం. అందులో చిత్రరచనకు దక్కినవి పట్టుమని పదేళ్లు. ఆ పదేళ్లలోనే దామెర్ల రామారావు ఆంధ్రదేశంలో ఆధునిక చిత్రకళకు పునాది వేసి నిష్క్రమించారు. ఆయన పేరు వినగానే కళాభిమానులకు స్ఫురించేవి ‘ఋష్యశృంగ బంధనం’, ‘సిద్ధార్థ రాగోదయం’, ‘కార్తీక పౌర్ణమి’ వంటి చిత్రాలు. వాటి కీర్తి వాటికి ఉండనే ఉంది. అయితే ఆ ప్రతిభకు మూలం ఎక్కడుందో తెలుసుకోగోరేవారు ముందుగా తెరవవలసినవి ఆయన స్కెచ్ పుస్తకాలు. రేవుల్లో, కొండదారుల్లో, ఊరి వీధుల్లో మిత్రులతో కలిసి కూర్చుని, కంటికి ఎదురుగా ఉన్నదాన్ని అక్కడికక్కడే కాగితం మీదికి తెచ్చుకునే అలవాటే ఆయనను తీర్చిదిద్దింది.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. గోదావరి మీద హేవలాక్ వంతెన నిర్మాణం ప్రారంభమైనదీ అదే సంవత్సరం. 1900లో వంతెన మీద రైళ్లు నడవనారంభించాయి. అంతవరకు నావలకూ బల్లకట్లకూ మాత్రమే దారి ఇచ్చిన నది మీదుగా మద్రాసు, కలకత్తా నగరాలు ఊరికి దగ్గరయ్యాయి. దిగువన ధవళేశ్వరం వద్ద కాటన్ దొర కట్టించిన ఆనకట్ట అప్పటికే డెల్టా రూపును మార్చివేసింది. ఊళ్లో వీరేశలింగం పంతులు రగిలించిన సంస్కరణోద్యమపు వేడి ఇంకా చల్లారలేదు. అటువంటి వాతావరణంలో పెరిగిన బాలుడికి పాఠ్యపుస్తకాలకంటే బొమ్మల మీదే మక్కువ ఎక్కువ.

ఆ మక్కువను గుర్తించినవారు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా 1909లో వచ్చిన ఆంగ్లేయుడు. కవి, చిత్రకారుడు కూడా. పాలకుల జాతికి చెందినవాడైనా ఈ ఊరిని పాలకుడి కళ్లతో చూడలేదు. తీరిక దొరికితే రంగుల పెట్టె చేతబట్టి నది ఒడ్డుకు చేరేవారు. అభిరుచి గల కుర్రవాళ్లను వెంటబెట్టుకుని పడవల మీద, కాలినడకన తిరిగేవారు. తరువాతి కాలంలో నవలాకారుడిగా, చిత్రకారుడిగా పేరు గడించిన అడివి బాపిరాజు, కవి కవికొండల వేంకటరావు ఆయన శిష్యులే. తరగతి గది నాలుగు గోడల మధ్య చెప్పినదానికంటే గట్టు మీద, ఇసుక తిన్నెల మీద ఆయన నేర్పిందే ఎక్కువని చెప్పవచ్చు.

గట్టు మీద కూర్చుని నదిని గీయడం చూసేవారికి వినోదంగా కనిపించే పని. గీసేవారికి మాత్రం అది కాలంతో పందెం. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. ఉదయపు ఎండ పడేవేళ ఆవలి కొవ్వూరు తీరం చెట్టు చెట్టూ విడివిడిగా కనిపిస్తుంది. సాయంత్రం సూర్యుడు ఆ తీరాన్నే అస్తమిస్తాడు కనుక అవే చెట్లు, అవే పడవలు నల్లని ఆకారాలుగా మిగులుతాయి. ఒకే చోట కూర్చున్నా ఉదయం గీసిన బొమ్మకు సాయంత్రం రంగు వేస్తే అబద్ధమవుతుంది. నీటిరంగులతో మరో చిక్కుంది. వేసవి గాలికి పూత చూస్తుండగానే ఆరిపోతుంది. కార్తీకపు మంచు వేళ ఎంతకీ ఆరదు. తైలవర్ణంలో మాదిరిగా తప్పును పైపూతతో కప్పిపుచ్చే వీలు లేదు. కాగితపు తెలుపే వెలుగు. దాన్ని ఎక్కడ వదిలిపెట్టాలో కుంచె ఆనించక ముందే నిర్ణయించుకోవాలి. ఇక మనుషులు సరేసరి. నీళ్లకు వచ్చిన స్త్రీ చిత్రకారుడి కోసం ఆగదు. బిందె భుజానికెత్తుకునే క్షణంలో నడుము ఏ వైపు ఒరిగిందో, బరువు ఏ కాలి మీద పడిందో నాలుగు గీతల్లో పట్టుకోవాలి. రామారావు చిత్రాల్లోని స్త్రీమూర్తుల నిలుపులో, వంపులో కనిపించే సహజత్వం ఈ సాధనకు ఫలితం.

ఒంటరిగా కాక బృందంగా గీయడంలో మరో ప్రయోజనం ఉంది. నలుగురు ఒకే పడవను గీసి పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుంటే, ఎవరి కన్ను ఏది చూడలేకపోయిందో ఎవరూ చెప్పనక్కరలేకుండానే బయటపడుతుంది. గురువు వంద మాటల్లో చెప్పేది పక్కవాడి బొమ్మ ఒక్క చూపులో చెబుతుంది. 2007లో అమెరికాలోని సియాటిల్ నగరంలో ఒక పత్రికా చిత్రకారుడి చొరవతో మొదలై ప్రపంచమంతటా వ్యాపించిన నగర చిత్రణ బృందాలు ఇదే పద్ధతిని పాటిస్తున్నాయి. రాజమండ్రికి అది కొత్త సంగతేమీ కాదు.

అజంతా నుంచి బొంబాయికి

శిష్యులకు గోదావరిని చూపి ఊరుకోలేదు కూల్డ్రే. రామారావును అజంతా, ఎల్లోరా గుహలకూ తీసుకువెళ్లారు. వందల ఏళ్ల కిందట గోడల మీద గీసిన ఆ రేఖల లాలిత్యం యువకుడి మనసులో చెరగని ముద్ర వేసింది. 1916లో కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు. తొలుత సెసిల్ బర్న్స్, తరువాత గ్లాడ్‌స్టన్ సాలమన్ అక్కడ ప్రిన్సిపాళ్లుగా ఉన్న కాలమది. సజీవ నమూనాను ఎదుట నిలిపి మానవ శరీరాన్ని అభ్యసించే పద్ధతికి సాలమన్ హయాంలో పెద్దపీట వేశారు. గోదావరి రేవుల్లో కదిలే మనుషులను గీసి చేయి తిరిగిన విద్యార్థికి ఎముక, కండరం ఎక్కడ ఎలా అమరి ఉంటాయో శాస్త్రీయంగా తెలుసుకునే అవకాశం కలిగింది. 1920 నాటికి చదువు ముగించి, కాఠియవాడ్ ప్రాంతంలో పర్యటించారు. అక్కడి ప్రజల వేషధారణ, జీవన విధానం ఆయన చిత్రాల్లోకి వచ్చి చేరాయి.

బొంబాయిలోనే ఉండిపోతే సంస్థానాధీశుల, ధనికుల రూపచిత్రాలు గీసి సుఖంగా జీవించవచ్చు. ఆనాటి చిత్రకారులు చాలామంది ఎంచుకున్న దారి అది. రామారావు సొంతూరికి తిరిగి వచ్చారు. అప్పటికి కూల్డ్రే లేరు. వినికిడి శక్తి క్షీణించడంతో ఉద్యోగం విడిచి స్వదేశానికి వెళ్లిపోయారు. ఈ ఊరి జ్ఞాపకాలను 1924లో ‘సౌత్ ఇండియన్ అవర్స్’ అనే గ్రంథంగా ప్రచురించారు. గట్టు మీది బడికి గురువు స్థానం ఖాళీ అయింది. దాన్ని రామారావు తానే భర్తీ చేశారు.

మూడో దారి

ఆ రోజుల్లో చిత్రకళాలోకం రెండు శిబిరాలుగా చీలి ఉంది. ఒక వైపు, పాశ్చాత్య పద్ధతిలో తైలవర్ణాలతో దేవతామూర్తులను చిత్రించిన రవివర్మ ప్రభావం. మరో వైపు అవనీంద్రనాథ్ టాగూర్ నాయకత్వంలో పాశ్చాత్య ధోరణిని తిరస్కరించిన వంగదేశ చిత్రకారులు. ఆ వంగ ధోరణి తెలుగునాటికీ వచ్చింది. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్‌కుమార్ ఛటర్జీ చిత్రకళ బోధించారు. కూల్డ్రే శిష్యుడైన బాపిరాజు కూడా అక్కడ శిక్షణ పొందారు. రామారావుకు కలకత్తాతో స్నేహమే గాని విరోధం లేదు. అక్కడికి వెళ్లి టాగూర్ల పరిచయం పొందారు. కలకత్తాలోని ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ ప్రదర్శనలో ‘ఋష్యశృంగ బంధనం’ చిత్రానికి 1922లో వైస్రాయ్ బహుమతి లభించింది. స్త్రీని ఎన్నడూ చూడని మునికుమారుణ్ని అంగరాజు పంపిన కాంతలు వలలో వేసుకునే కథ దాని ఇతివృత్తం.

కానీ ఆయన నడిచిన దారి వేరు. అజంతా రేఖ, బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణ జ్ఞానం, గోదావరి తీరపు మనుషులు.. ఈ మూడింటినీ కలిపి ఆంధ్రులకు తమదైన చిత్రశైలి ఉండాలని తపించారు. పొగమంచులో తేలే కలల రూపాలు కావు ఆయన గీసినవి. ‘పుష్పాలంకారం’లో గానీ, ‘నందిపూజ’లో గానీ కనిపించే స్త్రీలు నేల మీద పాదం మోపి నిలబడినవారు. తూర్పు కనుమలను, గోదావరి లోయను చిత్రించిన నీటిరంగుల్లోనూ కొండ కొండలాగే బరువుగా ఉంటుంది. ఈ నిబద్ధతకు కారణం సిద్ధాంతం కన్నా అలవాటేననిపిస్తుంది. రోజూ ఎదుట కూర్చుని గీసిన చేయి కల్పన చేసేటప్పుడు కూడా అబద్ధం ఆడలేదు.

1922-23 నాటికి రాజమండ్రిలో చిత్రకళాశాల, దానితోపాటు ఆంధ్ర చిత్రకారుల సంఘం రూపుదిద్దుకున్నాయి. రామారావు వద్ద చేరినవారిలో వరదా వెంకటరత్నం ఒకరు. 1895లో జన్మించిన వెంకటరత్నం వయసులో గురువుకంటే పెద్ద. స్నేహితుడిని గురువుగా అంగీకరించడానికి ఆయనకు ఆ రెండేళ్ల తేడా అడ్డు రాలేదు. రామారావు సతీమణి సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆడపిల్ల బడికి వెళ్లడమే విశేషంగా చెప్పుకునే రోజుల్లో ఒకే ఇంట ఇద్దరు స్త్రీలు చిత్రకారులుగా ఎదగడం చిన్న విషయం కాదు. వీరేశలింగం నడయాడిన ఊరు కావడం అందుకు కొంత దోహదపడి ఉండవచ్చు. అంతకుమించి, ఇంటిలోని స్త్రీని ఇంటి బయట చూసినంత శ్రద్ధగా చూడగలిగిన మనిషి ఆ ఇంట ఉండటం అసలు కారణం.

ఆయన ఖ్యాతి సముద్రాలు దాటింది. 1924లో లండన్ శివారు వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో రామారావు చిత్రాలు చోటు చేసుకున్నాయి. ఊళ్లో కళాశాల నిలదొక్కుకుంటోంది. శిష్యుల చేతులు ఇప్పుడిప్పుడే తిరుగుతున్నాయి. అంతలో మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6న రామారావు కన్నుమూశారు. ఇరవై ఎనిమిదో పుట్టినరోజుకు సరిగ్గా నెల రోజుల దూరం. దేశం ఆ మహమ్మారి బారి నుంచి బయటపడటానికి మరో 50 ఏళ్లు పట్టింది.

మిత్రులు నిలబెట్టారు

యువకుడు మరణిస్తే అతని కాగితాలు చెదలపాలు కావడం మన దేశంలో పరిపాటి. రామారావు విషయంలో అలా జరగలేదు. లెక్కకట్టినవారి ప్రకారం ఆయన విడిచి వెళ్లినవి 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగుల చిత్రాలు, 250 రేఖాచిత్రాలు, 28 స్కెచ్ పుస్తకాలు. వీటిని అమ్ముకోలేదు, పంచుకోలేదు. సత్యవాణి, వెంకటరత్నం వాటిని ఒక్కచోట కాపాడారు. వితంతువుగా మిగిలిన ఆమెకు ఆ చిత్రాలే ఆస్తి. వాటిని విడివిడిగా సంపన్నుల ఇళ్లకు చేర్చి ఉంటే ఈరోజు రామారావు పేరు బహుశా ఒకటి రెండు పుస్తకాల్లో పాదసూచికగా మిగిలేది. కళాశాల భారాన్ని వెంకటరత్నం తలకెత్తుకున్నారు. తానూ ప్రతిభగల చిత్రకారుడై ఉండి, సొంత కీర్తికి వెచ్చించదగిన సంవత్సరాలను మిత్రుడి పేరు నిలపడానికి వెచ్చించారు. 1963లో మరణించేవరకు ఆయన ధ్యాస అదే. అన్నాళ్ల పాటు నేర్పిన విద్యతో ఎందరో శిష్యులు ‘రాజమండ్రి శైలి’ అనే మాటకు అర్థం కల్పించారు. గోదావరి గట్టున వెలసిన దామెర్ల రామారావు స్మారక చిత్రకళామందిరం అనంతరం ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది.

పెద్ద చిత్రాల ముందు ఆగినంతసేపు సందర్శకులు రేఖాచిత్రాల ముందు ఆగరు. నిజానికి కాలం గడిచేకొద్దీ వాటి విలువే పెరుగుతోంది. ఆయన చూసిన గోదావరి తీరం చాలావరకు ఇప్పుడు లేదు. ఆయనతో పాటు పుట్టిన హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్లు నడవడం లేదు. కాటన్ కట్టించిన పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది. తెరచాప పడవలు కనుమరుగయ్యాయి. ఎగువన పోలవరం ప్రాజెక్టు కాఫర్ డ్యామ్ నిర్మాణం తరువాత దేవీపట్నం పరిసరాల్లోని గ్రామాలు వరద నీటిలో మునిగి, జనం పునరావాస కాలనీలకు తరలిపోయారు. ఆయన చిత్రించిన లోయ రూపురేఖలు మన కళ్ల ముందే మారుతున్నాయి. ఛాయాచిత్రాలు అరుదైన కాలంలో, ఆ తీరాన మనుషులు ఎలా కూర్చునేవారో, ఎలా నడిచేవారో తీరిక చేసుకుని చూసి గీసినవారు అతికొద్దిమంది.

ఆ కాగితాలకు వందేళ్లు దాటాయి. పెన్సిల్ గీత ఎండకు వెలవదు కానీ కాగితం తేమకు తాళదు. నీటిరంగు తేమకూ వెలుగుకూ రెండింటికీ జంకుతుంది. వరదలు, ముసురు పట్టే ఊళ్లో, నదికి కూతవేటు దూరంలో వాటిని కాపాడటం తైలవర్ణ చిత్రాలను కాపాడటం కన్నా కష్టం. 28 పుస్తకాలలోని ప్రతి పుటనూ ఛాయాచిత్రం తీసి భద్రపరచి, విద్యార్థులు తిరగేసి చూసే విధంగా ప్రచురిస్తే, ఏ రేవు ఎక్కడుండేదో, ఏ మలుపు నుంచి ఏ కొండ కనిపించేదో పోల్చుకోగల పెద్దలు జిల్లాలో ఇంకా ఉన్నారు.