సయ్యద్ అబ్దుల్ రహీం: ఫుట్‌బాల్‌కు పాఠం చెప్పిన హైదరాబాద్ బడిపంతులు

భారత ఫుట్‌బాల్ జట్టుకు రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. 1909లో హైదరాబాద్‌లో జన్మించిన ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన తర్వాత విద్యార్థుల క్రీడల బాధ్యతనూ స్వీకరించారు. స్థానిక జట్ల తరఫున స్వయంగా ఫుట్‌బాల్ ఆడారు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయిన రహీం, 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణను చేపట్టారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది.

బోధనలోని క్రమపద్ధతినే ఆయన మైదానంలోనూ అనుసరించారు. అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీలు, బంతిని తన వద్ద ఉంచుకోకుండా సహచరునికి అందించవలసిన పోటీలు యువకులకు నిర్వహించేవారు. ఒక్కొక్క లోపాన్ని గుర్తించి, దానిని సరిదిద్దే అభ్యాసాన్ని రూపొందించడం ఆయన విధానం.

1951లో ఢిల్లీలో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ తొలి ఆసియా స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయం ఎదురైంది. మన ఆటగాళ్లలో అధికులు నాడు పాదరక్షలు లేకుండానే ఆడారు. ఆ ఓటమి అనంతరం బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన భారత్ సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తాకు వెళ్లేనాటికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి తప్పలేదు. తర్వాత రక్షణ శ్రేణి ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. రహీం ఆయనను పక్కన పెట్టక, దాడి శ్రేణికి మార్చారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ప్రేక్షకులు భారత్‌కు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నా, పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ సాధించారు. అదే కొరియాపై భారత్ 2-1తో గెలిచింది.

మరుసటి ఏడాది జూన్‌లో రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు నేటికీ మరో స్వర్ణం దక్కలేదు.