పరాయి దేశంలో పూట లెక్క: పదకొండున్నర పౌండ్ల బాబాసాహెబ్

విదేశానికి చదువుకు వెళ్లాలనుకునే మన పిల్లలు మొదట అడిగేది యూనివర్సిటీ పేరు కాదు. అక్కడ నెలకు ఎంతవుతుందని అడుగుతారు. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో డిగ్రీ చేసి, మాలవాడ నుంచి, మాదిగవాడ నుంచి ఇంట్లో మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్న పిల్లలు వీళ్లు. గది అద్దెను, రొట్టె ధరను ముందు రూపాయల్లోకి మారుస్తారు. ఆ రూపాయలను మళ్లీ అమ్మ పత్తి ఏరిన కూలిరోజుల్లోకి మారుస్తారు. ఒక పూట భోజనానికి అమ్మ ఎన్ని రోజులు వంగి ఏరాలో తేలాక కొందరు అక్కడితో ఆ మాట ఆపేస్తారు.

బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితాన్ని మనం ఎక్కువగా డిగ్రీల వరుసగా చదివాం. జయంతి సభల్లో మైకు పట్టుకున్నవాళ్లు ఆ డిగ్రీలను ఊపిరి తిప్పుకోకుండా చెబుతారు, మనం చప్పట్లు కొడతాం. ఈసారి అదే జీవితాన్ని ఒక ఖర్చుల పద్దుగా చదువుదాం.

1913 ఫిబ్రవరిలో తండ్రి రాంజీ సక్పాల్ చనిపోయారు. అప్పటికి భీమ్‌రావుకు ఇంకా ఇరవై రెండేళ్లు నిండలేదు. భార్య రమాబాయి, ఒళ్లో కొడుకు యశ్వంత్, బొంబాయి పరేల్‌లోని ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాల్‌లో రెండు గదులు. మిల్లు కార్మికులు ఉండే చోటు అది. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బీఏ చదివేటప్పుడు బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఆయనకు నెలకు 25 రూపాయలు ఇచ్చారు. ఇప్పుడు అదే మహారాజు అమెరికా చదువుకు నెలకు 11 పౌండ్ల 10 షిల్లింగులు మంజూరు చేశారు. గడువు మూడేళ్లు. తిరిగొచ్చాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలన్నది ఒప్పందం.

పౌండుకు 15 రూపాయల కాలం అది. పదకొండున్నర పౌండ్లంటే 172 రూపాయలకు పైమాటే. చాల్‌లో ఉన్నవాళ్లకు అది జమీందారు ఆదాయంలా వినబడి ఉంటుంది. ఆ జూలైలో ఆయన న్యూయార్క్‌లో దిగారు. కొలంబియా యూనివర్సిటీ హాస్టల్ హార్ట్‌లీ హాల్‌లో పెట్టే తిండి సరిపడక కొద్ది రోజులకే బయటికి వచ్చేశారు. కొన్నాళ్లు కాస్మోపాలిటన్ క్లబ్‌లో ఉన్నారు. తర్వాత లివింగ్‌స్టన్ హాల్‌లో నావల్ భథేనా అనే పార్సీ విద్యార్థితో కలిసి ఉన్నారు. ఈ పేరు గుర్తుంచుకోండి, పద్దులో మళ్లీ వస్తుంది.

ఆయన రోజు తిండి ఏమిటో జీవితచరిత్ర రాసినవాళ్లు నమోదు చేశారు. ఒక కప్పు కాఫీ, రెండు మఫిన్లు, ఒక ప్లేటు మాంసమో చేపో. దీనికి ఒక డాలరు పది సెంట్లు. లెక్క మనమే వేద్దాం. పదకొండున్నర పౌండ్లు అప్పటి మారకంలో 56 డాలర్లు. నెల తిండికి 33 పోగా మిగిలేవి 23. గది, బట్టలు, పుస్తకాలు, చలికాలం, ఇంటికి పంపాల్సిన డబ్బు అన్నీ ఆ 23 డాలర్లలోనే. ఇంకోలా చూస్తే ఒక రోజు తిండి మూడు రూపాయల ఆరణాలు. బొంబాయిలో నెలంతా చదివించిన 25 రూపాయలు న్యూయార్క్‌లో వారం రోజుల తిండికి సరిపోయేవి.

జీతం ఏడింతలైందని ఊరంతా అనుకుంటుంది, ఆకలి మాత్రం తగ్గదు. గల్ఫ్ వెళ్లొచ్చిన రాయలసీమ కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అంత బిగువులోనూ ఆయన న్యూయార్క్ పాత పుస్తకాల దుకాణాలు తిరిగి రెండు వేల దాకా పుస్తకాలు కొన్నారు. తిండిలో మిగిల్చిన సెంట్లు అలా పోయాయి. వాటిని ఇండియాకు చేర్చమని ఒక స్నేహితుడికి అప్పగిస్తే చాలావరకు దారిలోనే మాయమయ్యాయి. అది చదివినప్పుడల్లా మాకు ఒంట్లో ఏదో కలుక్కుమంటుంది.

1915లో ఎంఏ. 1916 మేలో మానవశాస్త్ర సెమినార్‌లో కులాల పుట్టుక మీద వ్యాసం. అదే ఏడాది లండన్ చేరి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. అక్కడ స్కాలర్‌షిప్ గడువు తీరిపోయింది. 1917లో చదువు సగంలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. ఆయన ఒక ఓడలో వచ్చారు, సామాను ఇంకో ఓడలో బయలుదేరింది. యుద్ధకాలం కావడంతో సామానున్న ఓడ టార్పెడో దెబ్బకు మునిగింది. నష్టపరిహారంగా థామస్ కుక్ కంపెనీ ఇచ్చిన 600 రూపాయలు బరోడా కొలువుకు వెళ్లడానికి పనికొచ్చాయి.

బరోడాలో అసలు ధర తెలిసింది. న్యూయార్క్‌లో గదికి డబ్బు అడిగారు. ఇక్కడ కులం అడిగారు. హిందూ హోటళ్లలో చోటు దొరకదు కనుక ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని, తిండీ బసా కలిపి రోజుకు రూపాయిన్నరకు కుదిరారు. అమెరికా తిండి ఖర్చుతో పోలిస్తే సగం కూడా కాదు. పదకొండో రోజు ఉదయం డజను మంది పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. తెలిసిన ఒక హిందువును, ఒక క్రైస్తవుణ్ణి ఆశ్రయం అడిగారు. ఇద్దరి ఇళ్లలోనూ తలుపు తెరుచుకోలేదు. రాత్రి బొంబాయి రైలు వచ్చేదాకా కామాఠీ బాగ్ తోటలో కూర్చున్నారు. అయిదేళ్ల విదేశీ జీవితం అంటరానితనాన్ని తన మనసులోంచి పూర్తిగా తుడిచేసిందని తర్వాత ఆయనే తన అనుభవాల్లో రాసుకున్నారు. ఖర్చుల పట్టికలో ఏ గడిలో పడుతుంది ఇది? ఇవాళ ఏ పట్నంలోనైనా అద్దె ఇంటి కోసం తిరిగే మన ఉద్యోగులకు ఆ గడి తెలుసు. టూ-లెట్ బోర్డు మీద మాత్రం అది కనబడదు.

1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది, నెలకు 450 రూపాయలు. ఆ జీతం చూసి ఇల్లు మారలేదు, అదే చాల్. రూపాయి రూపాయి కూడబెట్టారు. కొలంబియా గది స్నేహితుడు భథేనా 5,000 రూపాయలు అప్పుగా ఇచ్చారు. కొల్హాపూర్ మహారాజు షాహూ చేయి కలిపారు. 1920 జూలైలో మళ్లీ లండన్.

ఈసారి స్కాలర్‌షిప్ లేదు, చేతిలో ఉన్నదే డబ్బు. బోర్డింగ్ ఇంటి యజమానురాలు లెక్క మనిషి. పొద్దున ఒక కప్పు టీ, ఒక రొట్టె ముక్క, కాస్త జామ్, చిన్న చేప ముక్క. అది తిని బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీకి వెళితే మూసేదాకా అక్కడే. మధ్యాహ్నం భోజనానికి డబ్బు లేదు. బస్సు డబ్బులు మిగల్చడానికి నడక. సాయంత్రం ఆ ఇంట్లో ఇచ్చేది ఒక కప్పు బోవ్రిల్, అంటే వేడినీళ్లలో కలిపిన గొడ్డుమాంసం సారం, దానితో నాలుగు బిస్కెట్లు, వెన్న. రాత్రి పదికల్లా ఆకలి మళ్లీ మొదలు. బొంబాయి పరిచయస్తుడొకరు ఇచ్చిన అప్పడాల కట్ట ఉండేది. నాలుగు అప్పడాలు రేకు పళ్లెం మీద వేయించుకుని, కాసిని పాలు తాగి, తెల్లవారుజాము దాకా చదివేవారు.

సుగ్గికి పోయేవాళ్లకు ఇది అర్థమవుతుంది. కోసిగి నుంచి, పెద్దకడుబూరు నుంచి, కౌతాళం నుంచి గుంటూరు మిరప చేలకో, తెలంగాణ పత్తికో, ముంబయిలో కట్టడం పనికో వెళ్లే కుటుంబాలు జొన్నరొట్టెలు ఎండబెట్టి మూట కట్టుకుంటాయి. అక్కడ కొనుక్కుని తింటే కూలిలో ఏమీ మిగలదు. పరాయి ఊరి ధరకు ఇంటి తిండితో అడ్డు వేసుకోవడం వాళ్లకు తెలిసిన లెక్క.

కానీ ఆ అప్పడాల కథ దగ్గరే ఆగిపోతే, పొదుపుగా ఉంటే ఎవరైనా లండన్‌లో చదవొచ్చన్న నీతికథ అయిపోతుంది. ఆ పొదుపులో సగం పరేల్‌లో జరిగింది. ఇంటి ఖర్చుకు డబ్బు కావాలని కబురొస్తే పంపడానికి ఆయన దగ్గర ఉండేది కాదు. ఉన్నదాంట్లో రమాబాయి గడిపారు. ఆ దంపతులకు పుట్టిన అయిదుగురు పిల్లల్లో బతికి పెద్దవాడైంది యశ్వంత్ ఒక్కరే. లండన్‌లో తినని మధ్యాహ్న భోజనం పుస్తకాల్లోకెక్కింది. చాల్‌లో రమాబాయి తినని పూటలు ఎవరూ లెక్క పెట్టలేదు.

ఇంకో దెబ్బ కంటికి కనబడనిది. 1920 మొదట్లో రూపాయి విలువ రెండు షిల్లింగులు దాటి పైకెగిరింది. ఏడాది తిరిగేసరికి కూలిపోయి పాత 1 షిల్లింగు 4 పెన్నీల దరిదాపుల్లోకి వచ్చింది. రెండు షిల్లింగుల లెక్కన 5,000 రూపాయలంటే 500 పౌండ్లు. 1 షిల్లింగు 4 పెన్నీల లెక్కన 333. ఒక్క పైసా ఖర్చు పెట్టకుండానే మూడో వంతు మాయం. బొంబాయి నుంచి ప్రతి రూపాయీ తెప్పించుకునే విద్యార్థికి దీనికంటే పెద్ద పాఠం ఏ క్లాసులో దొరుకుతుంది? 1921 సెప్టెంబరులో ఆయన షాహూ మహారాజుకు 200 పౌండ్ల అప్పు అడుగుతూ ఉత్తరం రాశారు.

ఆ రోజుల్లోనే ఆయన రాస్తున్న పరిశోధన పేరు రూపాయి సమస్య. సొంత ఆకలి గురించి అందులో ఒక్క మాట లేదు. 1922 అక్టోబరులో సమర్పిస్తే బ్రిటిష్ విధానంపై విమర్శ పరీక్షకులకు రుచించక తిరగరాయమన్నారు. అప్పటికి డబ్బు అయిపోయింది. 1923 ఏప్రిల్‌లో బొంబాయి వచ్చేసి, ఇక్కడి నుంచే దిద్ది పంపారు. ఆ ఏడాది చివర్లో డీఎస్సీ వచ్చింది, లండన్‌లో పుస్తకమూ అచ్చయింది. తల్లిదండ్రులకు అంకితమిచ్చారు.

ఆ పుస్తకంలో మన ఆదోనికి పనికొచ్చే వాదన ఒకటుంది. అప్పట్లో ఆదోని తాలూకా, అందులోని ఎమ్మిగనూరు, మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలో ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాకే కర్నూలులో కలిశాయి. జిల్లా ఏదైనా పంట పత్తే. ఒక పత్తి బేలు విదేశీ మార్కెట్‌లో 10 పౌండ్లు పలికిందనుకుందాం. రూపాయి రెండు షిల్లింగులుంటే వ్యాపారికి 100 రూపాయలు వస్తాయి. రూపాయి 1 షిల్లింగు 4 పెన్నీలకు పడితే అదే బేలుకు 150. ఎగుమతులకు మంచిది, దేశానికి లాభం అని వ్యాపారులు అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. అంబేద్కర్ అడిగింది ఆ యాభై ఎవరి జేబులోంచి వచ్చిందని. రూపాయి పడితే ధరలు పెరుగుతాయి, కూలి మాత్రం వెనకపడి నడుస్తుంది. వ్యాపారి లాభంలో పెద్ద భాగం కూలివాడి కంచంలోంచి తీసిందేనని, అది దేశానికి కొత్తగా వచ్చిన సంపద కాదని 1873 తర్వాతి ధరలు, కూలిరేట్లు చూపించి ఆయన వాదించారు. విదేశీ మారకం స్థిరంగా ఉండటం కంటే బజారులో రూపాయికి ఎంత సరుకొస్తుందన్నది స్థిరంగా ఉండటమే ముఖ్యమన్నారు. 1925 డిసెంబరులో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యంలోనూ ఇదే వైపు నిలబడ్డారు.

కిలోకు ఇంతని పత్తి ఏరే మన ఆడవాళ్లకు ఈ వాదన తెలియజెప్పడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు. ఆదోని యార్డులో పత్తి ధర పెరిగిన ఏడాది ఏరే కూలి ఎంత పెరిగిందో, నూనె ప్యాకెట్ ఎంత పెరిగిందో వాళ్లే చెబుతారు.

లండన్‌లో ఆయన కొంతకాలం ఉన్న 10, కింగ్ హెన్రీస్ రోడ్ ఇంటిని 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం 30 లక్షల పౌండ్లకు పైగా పెట్టి కొని స్మారకం చేసింది. మంచిదే, మనవాళ్లు వెళ్లి చూస్తున్నారు. ఇక ఆ ఇంటి దాకా చదువుకు వెళ్లాల్సిన పిల్లల సంగతి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏటా 125 మందికి, అందులో 115 ఎస్సీలకు. 2022లో నిబంధనలు మార్చి, భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చేసే పరిశోధనలకు అది వర్తించదన్నారు. ప్రాచీన భారత వాణిజ్యం మీద ఎంఏ పరిశోధన చేసి, కులాల పుట్టుక మీద వ్యాసం చదివిన కొలంబియా విద్యార్థి ఇవాళ దరఖాస్తు పెడితే, ఆ అంశాలు చూసే పక్కన పెట్టేస్తారు. 2025లో 106 మందిని ఎంపిక చేశారు. నిధుల అనుమతి రాలేదని మొదట 40 మందికే ఉత్తరాలు పంపారు. అడ్మిషన్ లెటర్ చేతిలో పట్టుకున్న మిగతా 66 మందికి డబ్బు వస్తే చెబుతామన్నారు.