ముప్పావు గంటలో అమెరికా

2024 మార్చి 31, ఆదివారం. ఆ రోజుతో ‘ది క్రూ’ అనే కార్ల రేసు ఆట సర్వర్లు ఆగిపోయాయి. 2014 డిసెంబర్‌లో వచ్చిన ఆట, పదేళ్లు నిండకుండానే వెళ్లిపోయింది. దాని గురించి నాలుగు మాటలు రాసిపెట్టాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను.

ఆడనివాళ్లకి ముందు ఒక సంగతి చెప్పాలి. ఆ ఆటలో అమెరికా మొత్తం ఉండేది. కుదించిన అమెరికానే అనుకోండి, కానీ తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రం దాకా రోడ్డు ఎక్కడా తెగేది కాదు. న్యూయార్క్ వంతెనల మీద బయలుదేరితే షికాగో వస్తుంది, తర్వాత మైదానాలు, పొలాలు, ఆ వెనక మంచు కొండలు, వాటిని దిగితే ఎడారి, ఎడారి మధ్యలో లాస్ వేగాస్ దీపాలు, చివరికి లాస్ ఏంజెలెస్ బీచి. సుమారు ముప్పావు గంట ప్రయాణం. మధ్యలో ‘లోడింగ్’ అని తెర నల్లబడటం లేదు. రోడ్డు నచ్చకపోతే పొలంలోకి దింపేయొచ్చు. అడవిలో జింక అడ్డం వస్తుంది. పొద్దుగూకుతుంది, తెల్లారుతుంది. బటన్ నొక్కితే కెమెరా కారు మీద నుంచి పైకి, ఇంకా పైకి లేచి దేశమంతా కింద పరుచుకునేది. మళ్లీ నొక్కితే అదే రోడ్డు మీదికి, అదే కారు మీదికి దిగేది. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ బటన్ పదిసార్లు నొక్కి ఉంటాను.

రేసు ఆటల్లో నాకు ఇష్టమైనవి చాలానే ఉన్నాయి. 1986లో యూ సుజుకి చేసిన ‘అవుట్ రన్’లో ప్రతి దశ చివరా రోడ్డు రెండుగా చీలుతుంది, ఎటు తిప్పాలో మన ఇష్టం. 1997 నాటి ‘గ్రాన్ టురిస్మో’ లైసెన్సు పరీక్షలు పెట్టి మరీ బ్రేకు ఎక్కడ తొక్కాలో నేర్పింది. 2005లో వచ్చిన ‘మోస్ట్ వాంటెడ్’ గురించి నా వయసు వాళ్లకి చెప్పక్కర్లేదు. పదిహేనుమంది జాబితా, వెనక పోలీసు సైరన్లు, నెట్ సెంటర్లో గంట అయిపోవస్తుంటే ఇంకో పది నిమిషాలంటూ బతిమాలుకోవడం. నా లెక్కలో మంచి రేసు ఆటకి గుర్తు ఒకటే. మలుపు కంటికి కనపడకముందే వేలు యాక్సిలరేటర్ మీద నుంచి లేస్తుంది. ఊళ్లో మన వీధి గతుకు బండికి తెలిసినట్టు, ఆ రోడ్డు చేతికి తెలిసిపోతుంది. చిన్న సర్క్యూట్లో అలా జరగడంలో వింత లేదు. ఒక దేశమంత రోడ్డుని అలా చేతికి అలవాటు చేసిన ఆట నాకు ‘ది క్రూ’ ఒక్కటే.

చేసినవాళ్లు ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన ఐవరీ టవర్ స్టూడియో వాళ్లు. 2006లో ‘టెస్ట్ డ్రైవ్ అన్‌లిమిటెడ్’ పేరుతో హవాయిలోని ఓహూ దీవి రోడ్లన్నీ ఆటగా మలిచిన ఈడెన్ గేమ్స్ నుంచి వచ్చినవాళ్లే 2007లో ఈ స్టూడియో పెట్టారు. ముందు ఒక దీవి, ఆ తర్వాత ఒక దేశం! ఆ తెగింపు అంటే నాకు గౌరవం. లోపాలు లేవని అనను. కారు తిరిగే తీరు కొన్నిచోట్ల మొరటుగా ఉండేది. కథ మన సినిమాల్లో నూరుసార్లు చూసిందే. డిట్రాయిట్‌లో అన్నని చంపేస్తారు, ఆ నేరం తమ్ముడి మీద పడుతుంది, జైలు నుంచి బయటికొచ్చి ముఠాలో చేరి పగ తీర్చుకుంటాడు. విమర్శకులు అప్పట్లో మార్కులు తక్కువే వేశారు. వాళ్లు చెప్పిన తప్పులు నిజమే. కానీ రేసులన్నీ పక్కన పెట్టి ఊరికే పడమరకి తోలుకుంటూ పోయిన రాత్రికి మార్కులెలా వేస్తారు?

నాకు ఆ కథతో వేరే చుట్టరికం ఉంది. మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. మాకు విజయవాడలో ఆదివారం పొద్దున్న ఏడు గంటలైతే అక్కడ శనివారం సాయంత్రం. వారమంతా ఫోన్లో ‘తిన్నావా, అమ్మ బీపీ ఎలా ఉంది’ దగ్గరే ఆగిపోయే మా మాటలు, ఆ పూట గంటలకొద్దీ సాగేవి. ఆటలో నలుగురి దాకా ఒక జట్టుగా తిరగొచ్చు. మేం ఇద్దరమే. అన్నయ్యది మస్టాంగ్, నాది కమారో. ఎదురెదురుగా కూర్చుంటే మా ఇద్దరికీ మాట పెగలదు. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని చెరో కారులో పక్కపక్కన పోతుంటే మాత్రం, అప్పు సంగతి, వదినతో గొడవ, నాన్న పోయినప్పుడు రాలేకపోయిన బాధ, అన్నీ బయటికొచ్చేవి. చూపు రోడ్డు మీద ఉంటుంది కాబట్టి నోరు తేలికవుతుందేమో.

ఆటలోని డాలస్‌కి మొదటిసారి చేరినప్పుడు వాడు కారు పక్కకి ఆపి చాలాసేపు చూశాడు.

“ఇది మా ఊరు కాదురా. అంతంత ఫ్లైఓవర్లు ఏవీ?”

“మీ ఆఫీసు ఎటు అన్నయ్యా?”

“లేదు. ఆ వీధే పెట్టలేదు,” అన్నాడు. కాసేపాగి, “పోన్లే, సెలవిచ్చినట్టుంది, పద,” అని బండి తీశాడు.

ఆ ఆటకి ఒక షరతు ఉండేది. ఒంటరిగా తోలుకున్నా ఇంటర్నెట్ ఉండి తీరాలి. వేసవిలో కరెంటు పోయేది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉండేది, రౌటర్ మాత్రం ఆరిపోయేది. కొలరాడో కొండల్లో మంచు మీద పోతున్న కారు ఉన్నట్టుండి మాయమై, కనెక్షన్ తెగిందన్న మాట తెర మీద మిగిలేది. కరెంటు రాగానే మళ్లీ ఎక్కేవాడిని. ఆ దారం అవతలి కొసన శాశ్వతంగా తెగే రోజు ఒకటుంటుందని నాకప్పుడు తట్టలేదు. పాత ‘అవుట్ రన్’ మెషీన్ ఎక్కడైనా పాడవకుండా ఉంటే ఇవాళ్టికీ నడుస్తుంది. ‘ది క్రూ’ అమ్మకాలు 2023 డిసెంబర్‌లోనే ఆపేశారు, మార్చి తర్వాత డిస్కు చేతిలో ఉన్నవాళ్లకీ లోపలికి దారి లేదు.

దీని చావు ఊరికే పోలేదు. ఆ ఏప్రిల్‌లోనే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలుపెట్టాడు. డబ్బిచ్చి కొన్న ఆటని, సర్వర్ ఆపేసినా ఏదో ఒక రూపంలో ఆడుకోనివ్వాలన్నది వాళ్ల కోరిక. 2025 జూలైకి యూరప్‌లో దాని మీద పది లక్షలకి పైగా సంతకాలు పడ్డాయి. ‘ది క్రూ’ తర్వాత వచ్చిన ‘ది క్రూ 2’కి ఇంటర్నెట్ లేకుండా ఆడే పద్ధతి తెస్తామని 2024 సెప్టెంబర్‌లో ప్రకటించారు. తమ్ముడి ప్రాణం నిలబడింది, సంతోషమే. పోయినది అన్న.

ఆ చివరి ఆదివారం పొద్దున్నే కూర్చున్నాం. అన్నయ్యకి ఇంకా శనివారం రాత్రే. మయామి నుంచి సియాటిల్ దాకా, మూల నుంచి మూలకి పోదామన్నాడు. వేగంగా పోలేదు. న్యూ ఆర్లీన్స్‌లో ఒకసారి ఆగాం. డాలస్‌లో ఆగాం. మోన్యుమెంట్ వ్యాలీ ఎర్ర దిబ్బల మధ్య వాడు హారన్ కొట్టాడు, నేనూ కొట్టాను. సియాటిల్ చేరేసరికి ఇక్కడ అమ్మ ఇడ్లీ చల్లారిపోతోందని రెండుసార్లు కేకేసింది. “అమ్మనొకసారి ఇవ్వరా,” అన్నాడు. హెడ్‌ఫోన్ అమ్మ చెవులకి పెట్టాను. రెండు కార్లూ ఇంజన్లు ఆపకుండా పక్కపక్కన నిలబడి ఉన్నాయి, అమ్మ వాడితో పదినిమిషాలు మాట్లాడింది.

మరుసటేడు వేసవిలో అన్నయ్య పిల్లల్ని తీసుకుని నిజంగానే మోన్యుమెంట్ వ్యాలీకి వెళ్లాడు. దారిలోంచి వీడియో కాల్ చేశాడు. నాకు అర్ధరాత్రి. ఫోన్ అటు తిప్పి చూపించాడు. తిన్నటి రోడ్డు, చివర ఎర్ర దిబ్బలు.

“ఏరా, గుర్తుపట్టావా?”

“ముందు కొంచెం దిగుడు ఉండాలి అన్నయ్యా. నెమ్మదిగా పో.”

“ఉందిరా. ఉంది,” అన్నాడు.